చిలుక పిల్ల మగదా? ఆడదా?
(తెలుసుకుందాం – జీవశాస్త్రం)



నేనూ ఈ హాస్టల్లో చదువుకున్నవాడినే. ఇప్పుడు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. లింగ నిర్ధారణ పాఠం చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి, "సార్, మా ఇంట్లో లవ్ బర్డ్స్ ఉన్నాయి. పిల్లల్లో ఏది మగదో, ఏది ఆడదో ఎలా తెలుస్తుంది?" అని అడుగుతారు. ఇది చిన్న ప్రశ్నేమీ కాదు. దీనికి సరైన జవాబు చెప్పాలంటే పదో తరగతి అనువంశికత పాఠం కావాలి, ఓపికగా చూసే కళ్లు కావాలి, తొందరపడని బుద్ధి కావాలి. అందుకే ఈ ఏడాది సంచికకు ఈ విషయం ఎంచుకున్నాను.

కోడిపుంజుకీ పెట్టకీ తేడా ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మగ పిచ్చుక గొంతు కింద నల్లటి మచ్చ ఉంటుంది, ఆడ పిచ్చుకకు ఉండదు. కానీ చిలుక జాతి పిల్లల్లో అంత సులువుగా తేడా కనిపించదు. పక్షుల్లో ముష్కాలైనా, స్త్రీబీజకోశమైనా కడుపు లోపలే ఉంటాయి. మలమూత్రాలకూ, గుడ్డుకూ బయటికి ఒకటే దారి. దాన్ని అవస్కరం అంటారు. మగదానికైనా ఆడదానికైనా అది పైకి ఒకేలా కనిపిస్తుంది. కాబట్టి మనం వేరే గుర్తులు వెతకాలి.

1. ముందు ఏ పక్షో తెలుసుకోండి

సంతల్లో, పట్నాల్లో "లవ్ బర్డ్స్" అని అమ్మే చిన్న పచ్చ, నీలి, పసుపు పక్షులు చాలావరకు అసలు లవ్ బర్డ్స్ కావు. వాటి అసలు పేరు బడ్జెరిగార్. ముద్దుగా బడ్జీ అంటారు. ఇది ఆస్ట్రేలియా మధ్య ప్రాంతపు ఎండు భూముల్లో గుంపులుగా తిరిగే చిన్న చిలుక. పొడవు 18 సెంటీమీటర్లు, బరువు 30 నుంచి 40 గ్రాములు. జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త 1840లో దీన్ని ప్రాణంతో ఇంగ్లండుకు తీసుకెళ్లాడు. అప్పటి నుంచి ఇది ప్రపంచమంతటా పంజరాల్లోనే పుట్టి పెరుగుతూ వస్తోంది. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికా జాతివి. తోక పొట్టిగా, శరీరం బొద్దుగా ఉంటుంది.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, కింద చెప్పబోయే ముక్కు గుర్తు బడ్జీకి మాత్రమే పనికొస్తుంది. ఆఫ్రికా లవ్ బర్డ్‌కీ, మన రామచిలుకకీ అది పనికిరాదు.

2. తర్వాత వయసు చూడండి

వయసు తెలియకుండా గుర్తులు చూస్తే పొరపాటు పడతాం. బడ్జీ గుడ్డు సుమారు 18 రోజులకు పొదుగుతుంది. పిల్ల దాదాపు 5 వారాలకు గూటిలోంచి బయటికి వస్తుంది. ఇంకో వారం పది రోజులకు సొంతంగా మేత తింటుంది. దాని వయసు తెలియజేసే గుర్తులు ఇవి:

అ) నుదురు: పిల్లకు నల్లటి సన్న చారలు తల వెనుక నుంచి ముక్కు దాకా ఉంటాయి. 3, 4 నెలల వయసులో మొదటిసారి ఈకలు రాల్చినప్పుడు ఈ చారలు పోయి, నుదురు శుభ్రంగా తెల్లగానో పసుపుగానో వస్తుంది.

ఆ) కన్ను: పిల్ల కన్ను మొత్తం నల్లపూసలా ఉంటుంది. పెద్దదయ్యేకొద్దీ నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం ఏర్పడుతుంది.

ఇ) ముక్కు: చాలా చిన్న పిల్లల ముక్కు మీద నల్లటి మరక ఉండి, తర్వాత మాసిపోతుంది.

నుదుటి మీద చారలు ఉండి, కన్ను నల్లగా ఉంటే అది నాలుగు నెలల లోపు పిల్ల అని అనుకోవచ్చు. పసుపు, తెలుపు రంగు పక్షుల్లో చారలు సరిగా కనిపించవు. కొన్ని రకాల్లో జీవితాంతం కంటి వలయం రాదు. కాబట్టి ఒక్క గుర్తును పట్టుకుని తేల్చవద్దు.

3. అసలు గుర్తు – ముక్కు తోలు

బడ్జీ ముక్కు పైభాగంలో, రెండు ముక్కు రంధ్రాల చుట్టూ మెత్తటి ఉబ్బెత్తు తోలు ఉంటుంది. ఇంగ్లీషులో దీన్ని సియర్ అంటారు. మనం ముక్కు తోలు అనుకుందాం. ఆడ, మగ తేడా చెప్పేది ఇదే.

పిల్ల వయసులో (సుమారు 5 వారాల నుంచి 3 నెలల దాకా):
మగ పిల్ల – తోలు అంతా ఒకే రంగు. గులాబీ, వంగపండు రంగు కలిసినట్టుగా ఉంటుంది. రంధ్రాల అంచుల దగ్గర కూడా అదే రంగు.
ఆడ పిల్ల – తోలు పాలిపోయి ఉంటుంది. లేత గులాబీగానో, తెల్లగానో, సున్నం కలిపినట్టు లేత నీలంగానో ఉంటుంది. ముఖ్యంగా రెండు రంధ్రాల చుట్టూ తెల్లటి వలయాలు కనిపిస్తాయి.

పెద్దయ్యాక (6 నుంచి 8 నెలల తర్వాత):
మగది – నిండు నీలం, నునుపుగా ఉంటుంది.
ఆడది – మామూలు రోజుల్లో తెలుపు లేదా లేత నీలం. గుడ్లు పెట్టే కాలంలో గోధుమ రంగుకు తిరిగి, గరుకుగా పొరలు కట్టినట్టు ఉంటుంది.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. నీలం కనిపించగానే "మగది" అనేస్తారు. లేత నీలం ఆడదానికీ ఉంటుంది. చూడాల్సింది నీలమా కాదా అని కాదు, రంగు అంతటా ఒకేలా ఉందా, రంధ్రాల చుట్టూ తెలుపు ఉందా అని. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే పాఠంలో సగం వచ్చినట్టే.

చూసేటప్పుడు పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైట్ కింద, సెల్‌ఫోన్ ఫొటోల్లో రంగులు మారిపోతాయి. ఒకే ఈత పిల్లలన్నిటినీ పక్కపక్కన పెట్టి పోల్చండి. వారానికోసారి చూసి నోటుబుక్కులో రాసుకోండి. రంగు వారం వారం ఎటు మారుతోందన్నదే ఒక్కసారి చూసిన చూపు కన్నా ఎక్కువ చెబుతుంది.

4. ఈ గుర్తు పనిచేయని చోట్లు

పసుపు ఒళ్లు, ఎర్ర కళ్లు ఉన్న పక్షిని లుటినో అంటారు. తెల్ల ఒళ్లు, ఎర్ర కళ్లు ఉన్నది ఆల్బినో. ఈ రకాల్లో మగదాని ముక్కు తోలు పెద్దయ్యాక కూడా నీలం కాదు. జీవితాంతం గులాబీ వంగపండు రంగులోనే ఉంటుంది. మచ్చల ఒళ్లు ఉండే పైడ్ రకాల్లో కొన్నిటికీ ఇంతే. ఆడదానికి మాత్రం ఈ రంగుల్లో కూడా తెలుపు, గోధుమ మార్పులు వస్తాయి.

ఇంకో జాగ్రత్త. చాలాకాలం నిండు నీలంగా ఉన్న మగదాని ముక్కు తోలు గోధుమ రంగుకు తిరిగితే "అరె, ఇది ఆడదే" అనుకోకండి. ముష్కాల్లో కణితి ఏర్పడి ఈస్ట్రోజన్ హార్మోను ఎక్కువైనప్పుడు అలా జరుగుతుంది. ముక్కు చుట్టూ, కాళ్ల మీద తేనెపట్టులా పొక్కు కడితే అది కంటికి కనిపించనంత చిన్న పురుగుల వల్ల వచ్చే జబ్బు. రెండు సందర్భాల్లోనూ పశువైద్యుడికి చూపించాలి.

5. నడవడిక తోడు సాక్ష్యం మాత్రమే

మగ పక్షి ఎక్కువగా కూస్తుంది. తల పైకీ కిందికీ గబగబా ఆడిస్తుంది. ముక్కుతో కడ్డీని టకటకా కొడుతుంది. పక్కదానికి మేత కక్కి తినిపిస్తుంది. ఆడది చెక్క, అట్ట కొరికి ముక్కలు చేస్తుంది. పంజరంలో కట్టిన మట్టి కుండలోకి దూరి చూస్తుంది. కరిస్తే గట్టిగా కరుస్తుంది. ఇవన్నీ నిజమే కానీ ఏ ఒక్కటీ ఖాయం కాదు. రెండు మగవి ఒకే చోట ఉంటే ఒకదానికొకటి మేత తినిపించుకుంటాయి. అది చూసి జత కుదిరిందని సంబరపడేవాళ్లు ఉన్నారు.

తల పెద్దగా ఉంటే మగది, ఒళ్లు సన్నగా ఉంటే ఆడది అనే మాటలు వదిలేయండి. తుంటి ఎముకల మధ్య వేలు పెట్టి చూసే పద్ధతి కూడా పిల్లల విషయంలో నమ్మదగింది కాదు. గుడ్లు పెట్టే వయసు వస్తేనే ఆడదానికి ఆ ఎముకలు ఎడమవుతాయి.

6. గూటిలోనే తెలిసే సందర్భం – పాఠ్యపుస్తకం ఉపయోగపడే చోటు

మనుషుల్లో ఆడవారికి రెండు ఎక్స్ క్రోమోజోములు, మగవారికి ఒక ఎక్స్, ఒక వై అని చదువుకున్నాం. పక్షుల్లో దీనికి తలకిందులు. మగదానికి రెండు జడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జడ్, ఒక డబ్ల్యూ. కాబట్టి:
కొడుక్కి – తండ్రి నుంచి ఒక జడ్, తల్లి నుంచి ఒక జడ్.
కూతురికి – తండ్రి నుంచి జడ్, తల్లి నుంచి డబ్ల్యూ.

లుటినో పసుపుకు కారణమైన జన్యువు జడ్ మీద ఉంటుంది. డబ్ల్యూ మీద దానికి జోడు లేదు. అది అంతర్గత జన్యువు. అంటే పక్కన మామూలు జన్యువు ఉంటే దాని ప్రభావం బయటపడదు.

ఇప్పుడు తండ్రి లుటినో, తల్లి మామూలు పచ్చ పక్షి అనుకోండి. కూతురికి వచ్చే ఒకే ఒక్క జడ్ తండ్రిదే. దాని మీద లుటినో జన్యువు ఉంది, దాన్ని కప్పిపుచ్చే రెండో జడ్ లేదు. కాబట్టి కూతుళ్లందరూ పసుపు ఒంటితో, ఎర్ర కళ్లతో పుడతారు. కొడుక్కి తల్లి నుంచి మామూలు జడ్ వస్తుంది కాబట్టి కొడుకులందరూ పచ్చగా ఉంటారు. అంటే ముక్కు తోలు చూడకుండానే, కళ్లు తెరవకముందే, పలుచని రెప్పల వెనుక ఎరుపు కనిపిస్తే అది ఆడ పిల్ల అని చెప్పేయవచ్చు!

జతను తారుమారు చేసి, తల్లి లుటినో, తండ్రి స్వచ్ఛమైన పచ్చ పక్షి అనుకుంటే పిల్లలన్నీ పచ్చగానే ఉంటాయి. అప్పుడు రంగు మనకేమీ చెప్పదు. ఎందుకో కాగితం మీద గడులు గీసి చూడండి. పరీక్షలో లింగ సహలగ్నత ప్రశ్న వస్తే ఇక మరిచిపోరు.

7. తిరుగులేని పద్ధతి

డీఎన్‌ఏ పరీక్ష. పీకిన రెండు మూడు ఈకల మొదళ్లలోని కణాలు గానీ, ఒక చుక్క రక్తం గానీ చాలు. దానంతట అది రాలిన ఈకలో సరిపడా కణాలు ఉండకపోవచ్చు. పక్షుల్లో సీహెచ్‌డీ అనే జన్యువు జడ్ మీదా, డబ్ల్యూ మీదా ఉంటుంది, కానీ రెండు చోట్లా దాని పొడవులో కొంచెం తేడా ఉంటుంది. ప్రయోగశాలలో చూస్తే మగదానికి ఒక గీత, ఆడదానికి రెండు గీతలు వస్తాయి. రిచర్డ్ గ్రిఫిత్స్, ఆయన సహచరులు 1998లో ఈ పద్ధతిని చాలా పక్షి జాతులకు పనికొచ్చేలా అందించారు. డీఎన్‌ఏతో వన్యప్రాణుల్ని పరిశోధించే పెద్ద సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. సీసీఎంబీకి చెందిన ఆ ప్రయోగశాల పేరు లాకోన్స్. సైన్సు మీద ఇష్టం ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

8. తేడా తెలియకపోతే నష్టం ఎవరికి?

పక్షికి. "జత" అని ఇచ్చినవి రెండూ మగవైతే సాధారణంగా కలిసిమెలిసి ఉంటాయి, గుడ్లు రావు, అంతే. రెండూ ఆడవైతే, అందులోనూ ఇరుకు పంజరంలో ఒకే కుండ ఉంటే, రక్తం వచ్చేలా పొడుచుకుంటాయి. కొన్నిసార్లు ఒకటి చచ్చిపోతుంది కూడా. మగది లేకపోయినా ఆడది గుడ్లు పెట్టగలదు, అవి పొదగవు. ఒంట్లో కాల్షియం తగ్గితే గుడ్డు లోపలే ఇరుక్కుపోతుంది. పక్షి పంజరం అడుగున ఈకలు ఉబ్బించుకుని కూర్చుని, తోక ఊపుతూ ముక్కుతుంటే ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

ఏదో తెలియనప్పుడు ఏం చేయాలి? తేలేదాకా కుండ కట్టకండి. పంజరం పెద్దదిగా ఉంచండి. ఒక్క కొర్రలతో సరిపెట్టకుండా ఆకుకూరలు, సముద్రపు నురుగు అని పిలిచే కటిల్‌బోన్ పెట్టండి. ఆర్నెల్లు ఆగితే ముక్కే జవాబు చెబుతుంది.

9. రామచిలుక సంగతి వేరు

రోడ్డు పక్కన బుట్టలో రామచిలుక పిల్లల్ని పెట్టి "ఇది మగది, బాగా మాట్లాడుతుంది" అని అమ్మేవాళ్లు కనిపిస్తారు. మగ రామచిలుక మెడకు నలుపు, గులాబీ రంగుల కంటె ఉంటుంది. ఆడదానికి అది ఉండదు. అయితే ఆ కంటె మగదానికి కూడా రెండు మూడేళ్ల వయసు వస్తే గానీ పూర్తిగా రాదు. అప్పటిదాకా పిల్లలన్నీ ఆడదానిలాగే ఉంటాయి. బుట్టలోని పిల్లను చూసి మగదని చెప్పడం వట్టి మాట.

అంతకన్నా పెద్ద విషయం: రామచిలుక మన అడవి పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. చిలక జోస్యం చెప్పేవారి పంజరంలోని చిలుకకూ ఇదే చట్టం వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. చెట్టు తొర్రలోంచి పిల్ల కింద పడితే, దెబ్బ తగలకపోతే తిరిగి తొర్రలో పెట్టండి. దెబ్బ తగిలితే అటవీ శాఖ వారికి చెప్పండి. దాని కంటె ఎప్పుడు వస్తుందో చెట్టు మీదే చూద్దాం.

10. చిలుక నేర్పే పాఠం

పక్షుల్లో పిల్ల మగదా ఆడదా అన్నది తల్లి అండాన్ని బట్టి ఉంటుంది. అండంలో జడ్ ఉంటే మగ, డబ్ల్యూ ఉంటే ఆడ. మనుషుల్లో ఇది తండ్రి శుక్రకణాన్ని బట్టి ఉంటుంది. తల్లి ఎప్పుడూ ఎక్స్ మాత్రమే ఇస్తుంది. తండ్రి నుంచి ఎక్స్ వస్తే అమ్మాయి, వై వస్తే అబ్బాయి. ఏది వస్తుందన్నది తండ్రి చేతిలోనూ లేదు. అది నాణెం ఎగరేసినట్టు.

ఇంత తేలికైన సంగతి తెలియక, "వరసగా ఆడపిల్లల్నే కన్నది" అని కోడళ్లను నిందించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ మాటలు పడిన అమ్మలు మన మధ్య చాలామందికి ఉన్నారు. ఆ మాట చిలుక విషయంలో అన్నా శాస్త్రం ఒప్పుకుంటుందేమో గానీ, మనిషి విషయంలో ఒప్పుకోదు. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు పలక మీద ఎక్స్, వై గీసి పెద్దవాళ్లకు చూపించండి. చదువుకున్న బిడ్డ చెబితే వింటారు.

ఇంకొక్క మాట. చిలుక పిల్లకు డీఎన్‌ఏ పరీక్ష చేయించి మగదో ఆడదో తెలుసుకోవచ్చు. కడుపులోని మనిషి బిడ్డ విషయంలో అలా తెలుసుకోవడం, చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. చిలుక విషయంలో తెలుసుకునేది దాన్ని బాగా చూసుకోవడానికి. మనిషి విషయంలో తెలుసుకున్నది ఆడబిడ్డ ప్రాణం తీయడానికి వాడారు కాబట్టే ఆ చట్టం తేవలసి వచ్చింది.

మీరే చెప్పండి

1. నుదుటి మీద చారలున్న పచ్చ బడ్జీ పిల్ల. ముక్కు తోలు లేత నీలం. రంధ్రాల చుట్టూ తెల్లటి వలయాలు. మగదా, ఆడదా?
2. ఏడాది వయసున్న ఎర్ర కళ్ల పసుపు బడ్జీ. ముక్కు తోలు అంతటా గులాబీ వంగపండు రంగు. ఏది?
3. తండ్రి పచ్చగానే ఉన్నాడు కానీ అతని ఒక జడ్ మీద లుటినో జన్యువు దాగి ఉంది. తల్లి మామూలు పచ్చ పక్షి. పిల్లల్లో ఒకటి పసుపు, మూడు పచ్చ. ఏవి ఏవో చెప్పగలమా?
4. రెండు బడ్జీలు మేత తినిపించుకుంటున్నాయి. అవి ఆడ, మగ జత అని చెప్పవచ్చా?

జవాబులు

1. ఆడది. లేత నీలం చూసి మోసపోవద్దు.
2. మగది. ఈ రంగు పక్షుల్లో మగదాని ముక్కు నీలం కాదు.
3. పసుపు పిల్ల ఖాయంగా ఆడది. పచ్చ పిల్లలు మగవి కావచ్చు, ఆడవి కావచ్చు. వాటికి ముక్కు తోలు చూడాలి.
4. చెప్పలేం. రెండు మగవి కూడా అలా చేస్తాయి.

నాలుగింటికి నాలుగూ సరిగా చెప్పినవారికి అభినందనలు. మూడో ప్రశ్నకు "సగం చెప్పగలం, సగం చెప్పలేం" అని రాసినవారికి ఇంకా ఎక్కువ అభినందనలు. తెలిసినంత వరకు గట్టిగా చెప్పడం, తెలియని చోట ఆగి ఇంకా చూడడం, ఈ రెండూ వస్తే సైన్సు వచ్చినట్టే.